ఆకుల రంగులకు ముహూర్తం ఉండదు: మరి టికెట్ ఎక్కడికి తీసుకోవాలి?

ఫాల్ కలర్స్, అంటే ఆకురాలు కాలంలో చెట్లు తిరిగే రంగులు, చూడాలనుకునేవాళ్లు ముందు ఒక ఫొటో చూస్తారు, ఆ ఫొటోలోని ఊరు ఎంచుకుంటారు, సెలవు దొరికిన తేదీకి టికెట్ కొంటారు. ఆ ఫొటో తీసింది ఆ లోయకు ఆ ఏడాది దక్కిన నాలుగైదు మంచి రోజుల్లో ఒకరోజు. మీరు వెళ్లే ఏడాది ఆ రోజులు వారం ముందే వచ్చి వెళ్లిపోవచ్చు, పది రోజులు ఆలస్యం కావచ్చు. మధ్యలో గాలివాన వస్తే కథే లేదు.

అందుకని "అన్నిటికంటే అందమైన చోటు ఏది?" అనే ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. దానికి జవాబు ఎవరి కంటికి వారిదే. ఇక్కడ నేను చూస్తున్నది వేరే సంగతి: మన లెక్క వారం తప్పినా ఉత్త చేతులతో పంపని చోటు ఏది? ఈ లెక్కన అమెరికా ఈశాన్య మూలన ఉన్న రాష్ట్రాల గుంపు న్యూ ఇంగ్లండ్, అమెరికా తూర్పున ఉన్న స్మోకీ, బ్లూ రిడ్జ్ కొండలు, కొలరాడో, జపాన్, దక్షిణ కొరియా, కశ్మీర్‌లను పోలుస్తాను. ఇంకో మూడు నాలుగు చోట్ల గురించి దారిలో ఒక ముక్క చెప్తాను.

## తేదీ ఎందుకు కుదురుగా ఉండదు

చెట్టుకు కాలం మారుతోందని మొదట చెప్పేది పగటి పొడవు. అది ఏటా ఒకేలా తగ్గుతుంది కాబట్టే ప్రతి చోటుకూ "మామూలుగా ఈ రెండు మూడు వారాలు" అని చెప్పగలుగుతున్నాం. ఆ రెండు మూడు వారాల్లో ఏ నాలుగు రోజులన్నది మాత్రం వాతావరణం చేతిలో ఉంటుంది.

పత్రహరితం విరిగిపోతున్న కొద్దీ ఆకులో అప్పటికే ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. అవి కెరోటినాయిడ్లు, వేసవంతా అక్కడే ఉన్నవి, పచ్చదనం కింద కనపడలేదు, అంతే. ఎరుపు సంగతి వేరు. ఆంథోసయనిన్లు అనే ఆ రంగును చాలా చెట్లు ఆ కొద్ది వారాల్లోనే, ఆకులో మిగిలిన చక్కెరతో కొత్తగా తయారు చేసుకుంటాయి. దానికి ఎండ కావాలి, రాత్రి చలి కావాలి, ఆ చలి గడ్డకట్టించేంత ఉండకూడదు. ఒక ఎర్ర మేపుల్ ఆకును చేతిలోకి తీసుకుని చూడండి. దానిమీద ఇంకో ఆకు పడి నీడ పట్టిన మేర ఒక్కోసారి పసుపుగానే ఉండిపోతుంది, చుట్టూ ఎరుపు ఉంటుంది. ఎండ తగిలినచోటే రంగు పుట్టిందని అచ్చు వేసినట్టు తెలుస్తుంది. చెట్టంతటా అంతే: బయటి కొమ్మలు ఎర్రబడ్డాక కూడా లోపలివి పసుపుగానో పచ్చగానో ఉంటాయి.

దీన్నిబట్టి ప్రయాణికుడికి పనికొచ్చే ముక్క ఒకటి దొరుకుతుంది. పసుపు దాదాపు ఏటా వస్తుంది. ఎరుపు కొన్నేళ్లు కళ్లు చెదిరేలా, కొన్నేళ్లు వెలిసిపోయినట్టు వస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు రాత్రులు వెచ్చగా ఉంటే రంగు ఆలస్యం, పైగా వెలవెలబోతుంది. వేసవిలో వానలు బాగా తగ్గితే కొన్ని చెట్లు తొందరగా ఆకు రాలుస్తాయి. ముందే గట్టి మంచు పడితే ఆకు మాడి గోధుమరంగుకు తిరుగుతుంది. ఇక ఆకు తొడిమ దగ్గర తెగే పొర సిద్ధమయ్యాక ఒక్క ఈదురుగాలి చాలు, రాత్రికి రాత్రి కొండ బోడి అవుతుంది.

ఇవేవీ జులైలో చెప్పగలిగేవి కావు. జులైలో అచ్చయ్యే "ఈ ఏడాది రంగుల క్యాలెండర్" అంటే పాత ఏళ్ల సగటుకు కాస్త సవరణ, అంతకుమించి కాదు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

నా లెక్కలో అన్నిటికంటే ముందు వచ్చేది ఎత్తు తేడా. కొండ ఎక్కే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ చలి పెరుగుతుంది. రంగు శిఖరం దగ్గర మొదలై వారాల తరబడి కిందికి దిగుతుంది. గంట డ్రైవ్‌లో వెయ్యి మీటర్లు ఎక్కి దిగగలిగే చోట బస చేస్తే, మీరు వెళ్లిన రోజున ఆ కొండమీద ఏదో ఒక ఎత్తులో నిండు రంగు ఉండే అవకాశం చాలా ఎక్కువ. చదునైన చోట ఆ వెసులుబాటు లేదు.

రెండోది చెట్ల రకాలు. ఒకే జాతి ఉన్న అడవి ఒకేసారి మండి ఒకేసారి ఆరిపోతుంది. మేపుల్, బర్చ్, హికరీ, ఓక్ కలిసి ఉన్న అడవిలో ఒకటి రాలేసరికి ఇంకోటి అందుకుంటుంది. ఓక్‌లు చివర్న వస్తాయి, ఆకు త్వరగా వదలవు.

మూడోది మీరు కదలగల దూరం. ఉత్తరాన అయిపోతే దక్షిణానికి రెండు మూడు గంటల్లో వెళ్లగలరా, రైలుందా, బస రద్దు చేసుకోవచ్చా.

నాలుగోది చాలామంది అడగనే అడగరు: ఆకు ఒక్కటీ రంగు మారకపోతే ఆ ఊళ్లో ఏం చేస్తారు? జపాన్ ఈ ప్రశ్నకు భయపడదు. కొలరాడోలోని కొండదారికి మాత్రం దీనికి పెద్దగా జవాబు లేదు.

రద్దీ, ఖర్చు, నడక ఇవన్నీ వీటి తర్వాతే. ముందు పట్టిక చూసేయండి, వివరాలు కింద ఉన్నాయి.

| చోటు | ముఖ్యమైన చెట్లు, రంగు | మామూలుగా ఎప్పుడు | తేదీ తప్పితే సర్దుకునే వీలు | ఆకులు లేకున్నా చూసేవి |
|---|---|---|---|---|
| న్యూ ఇంగ్లండ్ | మేపుల్, బర్చ్, బీచ్. ఎరుపు, నారింజ | సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు చివర | బాగానే, కారుంటే | మధ్యస్థం |
| స్మోకీ, బ్లూ రిడ్జ్ | వందకు పైగా జాతులు. కలగలుపు | అక్టోబరు మొదలు నుంచి నవంబరు మొదటి వారం | చాలా ఎక్కువ | మధ్యస్థం |
| కొలరాడో | ఆస్పెన్. బంగారు పసుపు | సెప్టెంబరు రెండో సగం, అక్టోబరు మొదలు | తక్కువ | కొండలు మాత్రం ఉంటాయి |
| జపాన్ | మోమిజి మేపుల్, గింకో | సెప్టెంబరు మధ్య (హొక్కైడో కొండలు) నుంచి డిసెంబరు మొదలు | ఎక్కువ, రైలు ఉంది కాబట్టి | చాలా ఎక్కువ |
| దక్షిణ కొరియా | మేపుల్, ఓక్, గింకో | అక్టోబరు మొదలు నుంచి నవంబరు మధ్య | ఎక్కువ | ఎక్కువ |
| కశ్మీర్ | చినార్, పాప్లర్. రాగి ఎరుపు | అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య | ఒక మోస్తరు | ఎక్కువ |

## న్యూ ఇంగ్లండ్: పేరు గొప్ప, పేరుకు తగ్గ రద్దీ

ఎరుపు కోసమే వెళ్లేవాళ్లకు ఇంతకు మించిన చోటు అమెరికాలో లేదు. షుగర్ మేపుల్, రెడ్ మేపుల్ ఇంత దట్టంగా కలిసి పెరిగే ప్రాంతాలు తక్కువ. వెర్మాంట్ ఉత్తర మూల, న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్ సెప్టెంబరు చివర మొదలవుతాయి. వెర్మాంట్‌లోని స్టో ఊరి చుట్టుపక్కల మామూలుగా అక్టోబరు మొదటి వారం. వెర్మాంట్ దక్షిణ లోయలు, మెయిన్ తీరంలోని అకేడియా అక్టోబరు మధ్య. కనెక్టికట్ అక్టోబరు చివర.

అంటే ఇక్కడ సర్దుబాటు నిలువుగా కొంత, అడ్డంగా ఎక్కువ. మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 6,288 అడుగులైనా మీరు తిరిగే దారులు చాలావరకు అంతకంటే బాగా కింద ఉంటాయి. పేరున్న కాంకమాగస్ హైవే సుమారు 34 మైళ్లు, దాని పైకొస 2,855 అడుగులు. ఈ దారిమీదే పైన రాలిపోయి కింద నిండుగా ఉండటం మామూలే. పూర్తిగా ఆలస్యమైతే దక్షిణానికి దిగడమే మందు. అందుకే ఇక్కడ ఒకే ఊళ్లో అయిదు రాత్రులు బుక్ చేయడం నాకు నచ్చదు. ఉత్తరాన రెండు, దక్షిణాన రెండు పెట్టుకుని, ఏది ముందన్నది ఆఖర్న తేల్చుకునేలా చూసుకోండి.

అక్టోబరు రెండో సోమవారంతో కలిసే పొడుగు వారాంతం ఇక్కడ ఏడాది మొత్తంలో అత్యంత రద్దీ. అదే రోజు కెనడాలో థాంక్స్‌గివింగ్ సెలవు కూడా, కాబట్టి సరిహద్దు అవతలి నుంచీ కార్లు వస్తాయి. ఆ మూడు రోజులు తప్పించగలిగితే తప్పించండి. ఒక వారం ముందో వెనకో వెళ్లి కాస్త తక్కువ రంగు చూసినా, చిన్న ఊరి నడిబొడ్డున ట్రాఫిక్‌లో ఇరుక్కుని నిండు రంగు చూడటం కంటే మేలే.

కెనడా వైపు చూసేవాళ్లకు ఒక మాట: ఒంటారియోలోని ఆల్గాంక్విన్ పార్కులో మేపుల్ రంగు సెప్టెంబరు చివర్లోనే నిండుతుంది, న్యూ ఇంగ్లండ్‌లో చాలా చోట్ల కంటే ముందు. అక్టోబరు సెలవుకని వెళితే మేపుల్స్ అప్పటికే రాలి ఉండొచ్చు. అప్పుడు ఆస్పెన్‌లు, ఆ తర్వాత సూదుల్లాంటి ఆకులున్న టామరాక్‌ల పసుపే మిగులుతుంది. వారాంతపు పర్మిట్లు ముందే అయిపోతాయి.

## స్మోకీ, బ్లూ రిడ్జ్: తేదీ కదలని వాళ్లకు

పిల్లల బడి సెలవు, ఆఫీసు లీవు, ఆరు నూరైనా తేదీ మారదు అనేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. అందంలో న్యూ ఇంగ్లండ్‌తో పోటీ పడుతుందా అంటే, ఎరుపు తీవ్రతలో పడదు. కానీ తప్పిపోవడం కష్టం.

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కులో అడుగున సుమారు 875 అడుగులు, పైన కువోహి శిఖరం 6,643 అడుగులు. ఈ శిఖరాన్నే 2024 వరకు క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు. పాత మ్యాపుల్లో ఆ పేరే కనిపిస్తుంది. గాట్లిన్‌బర్గ్ ఊరి నుంచి 5,046 అడుగుల న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమకు కారులో ఎక్కుతుంటే కొన్ని వారాల కాలం ఒక గంటలో దాటినట్టుంటుంది. అక్టోబరు నడుమ వెళితే పైన బోడి కొమ్మలు, మధ్యలో నిండు రంగు, కింద ఇంకా పచ్చదనం అన్నీ ఒకే మధ్యాహ్నం కనిపిస్తాయి. వందకు పైగా చెట్ల జాతులున్నాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. మొదట్లో పసుపు బర్చ్‌లు, బీచ్‌లు. తర్వాత మేపుల్, స్వీట్‌గమ్. చివర్న ఓక్, హికరీ.

బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండరోడ్డు ఇదే తర్కాన్ని 469 మైళ్ల పొడవున పరుస్తుంది: అత్యల్పం 649 అడుగులు, అత్యధికం 6,053. ఒక్క జాగ్రత్త. 2024 సెప్టెంబరు చివర్లో వచ్చిన హెలీన్ తుఫాను నార్త్ కరోలినా వైపు ఈ రోడ్డును బాగా దెబ్బతీసింది. కొన్ని భాగాలు చాలాకాలం మూసే ఉంచాల్సి వచ్చింది. బయల్దేరే ముందు ఏ మైలురాయి నుంచి ఏ మైలురాయి దాకా తెరిచి ఉందో పార్కు వాళ్ల పేజీలో చూడండి. మ్యాప్ యాప్ చెప్పిన దారిని గుడ్డిగా నమ్మొద్దు.

లోటు ఏమిటంటే రద్దీ. స్మోకీ పార్కుకు ప్రవేశ రుసుము లేదు (బండి ఆపుకోవడానికి మాత్రం 2023 నుంచి పార్కింగ్ ట్యాగ్ కొనాలి), అక్టోబరు అక్కడ నిండు సీజన్. కేడ్స్ కోవ్ అనే 11 మైళ్ల చుట్టుదారి వారాంతంలో నత్తనడక నడుస్తుంది. తెల్లవారకముందే లోపలికి వెళ్లడం ఒక్కటే మార్గం.

## కొలరాడో: జూదం, కానీ గెలిస్తే

ఆస్పెన్ చెట్లు వేళ్ల నుంచి పిలకలేసి పెరుగుతాయి. ఒక కొండవాలు మీద కనిపించే వందల కాండాలు నిజానికి ఒకే చెట్టు కావొచ్చు. యూటాలోని పాండో అనే ఆస్పెన్ తోపు 106 ఎకరాల్లో ఉన్నా జన్యుపరంగా ఒకటే. అందువల్ల ఒక తోపు మొత్తం ఒకేసారి పసుపెక్కుతుంది, పక్క తోపు ఇంకా పచ్చగా ఉంటుంది. ఆకు తొడిమ చదునుగా ఉండటంతో చిన్న గాలికే ఆకులన్నీ గలగలలాడతాయి. మధ్యాహ్నపు ఎండ వెనకనుంచి పడుతుంటే ఆ కొండ మెరుపు ఏ కెమెరాలోకీ రాదు.

ఇంత చెప్పి కూడా, ఖండాలు దాటి దీనికోసమే వెళ్లొద్దంటాను. రంగు దాదాపు ఒక్క పసుపే (అక్కడక్కడా నారింజ, ఎరుపు తోపులుంటాయి), ఒక్కో తోపుకు గట్టిగా వారం పది రోజులు. సెప్టెంబరు చివర్లోనే మంచు తుఫాను వచ్చిందంటే ఆట ముగిసినట్టే. ఉత్తర కొలరాడో ముందు, దక్షిణాన శాన్ హువాన్ కొండలు కొన్ని రోజుల తర్వాత మారతాయి; ఆ తేడా కొంత ఆదుకుంటుంది. కానీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి కొండదారుల్లో అయిదారు గంటల ప్రయాణం.

డెన్వర్‌లోనో, ఆ చుట్టుపక్కలో ఉండేవాళ్లకైతే ఇది బంగారమే. వారం మధ్యలో "రేపు కెనోషా పాస్ బాగుందట" అనగానే బయల్దేరగలరు. మరూన్ బెల్స్ అనే జంట శిఖరాల దగ్గరికి పగటిపూట సొంత కారు చాలావరకు అనుమతించరు, షటిల్ బస్సు ముందే బుక్ చేయాలి. ఆ ఒక్క తేదీకి కట్టుబడాల్సి వస్తుంది కాబట్టి, రంగుల ప్రయాణానికి దాన్ని నేను ఎప్పుడూ రెండో ఎంపికగానే ఉంచుతాను. ఇంకో సంగతి: కెనోషా లాంటి కనుమలు పదివేల అడుగుల దగ్గర ఉంటాయి. గుండె, ఊపిరి సమస్యలున్న పెద్దవాళ్లతో అయితే డాక్టర్‌ను అడగకుండా ఈ పేరు ఎత్తకండి.

ఇదే కోవలో కెనడాలోని మొరేన్ లేక్ దగ్గర లార్చ్ వ్యాలీ ఉంది. సెప్టెంబరు చివరి పది రోజుల చుట్టూ లార్చ్ చెట్ల సూదుల్లాంటి ఆకులు బంగారు రంగుకు తిరుగుతాయి. 2023 నుంచి అక్కడికి సొంత కార్లు వెళ్లనివ్వడం లేదు. కష్టం ఎక్కువ, కాలం తక్కువ.

## జపాన్: దూరం నుంచి ఒక్కసారే వెళ్లేవాళ్లకు

ఉత్తరాన హొక్కైడోలోని దైసెత్సుజాన్ కొండల్లో సెప్టెంబరు మధ్యలో మొదలైన రంగు డిసెంబరు మొదటి రోజుల్లో క్యోటో, టోక్యో చేరేసరికి దాదాపు మూడు నెలలు గడుస్తాయి. ఇంత పొడుగు సీజన్, దాన్ని వెంటాడటానికి ఇంత మంచి రైళ్లు ఇంకెక్కడా కలిసి దొరకవు. పైగా 1953 నుంచి అక్కడి వాతావరణ సంస్థ ఎంచుకున్న నమూనా చెట్లను గమనించి మేపుల్ ఎర్రబడిన రోజు, గింకో పసుపెక్కిన రోజు నమోదు చేస్తోంది. 2021లో ఈ ప్రకృతి పరిశీలనల్ని చాలావరకు తగ్గించినప్పుడు కూడా ఈ రెండు చెట్లనూ ఉంచింది. ముందస్తు అంచనాలు మాత్రం ప్రైవేటు వాతావరణ సంస్థలు ఇస్తాయి, సీజన్‌లో పదేపదే సవరిస్తాయి. మొదటి అంచనా చూసి మర్చిపోకండి.

పాత గైడు పుస్తకాల తేదీలు ఇప్పుడు కుదరడం లేదు. 2024 శరత్తు జపాన్‌లో 1898 నుంచి ఉన్న రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. ఇలాంటి ఏడాది క్యోటోలో నవంబరు 20కి నిండుతుందని వెళ్లినవాళ్లకు సగం పచ్చని తోటలు కనిపిస్తాయి. నన్నడిగితే క్యోటోకు ఇప్పుడు నవంబరు ఆఖరి వారం, డిసెంబరు మొదటి రెండు మూడు రోజులు కలిసేలా పెట్టుకోవడం క్షేమం.

క్యోటో చదునుగా కనిపించినా దానికీ ఎత్తు పల్లాలున్నాయి. వాయవ్యాన తకావో కొండల్లో నవంబరు మొదటి సగంలోనే ఎరుపు మొదలవుతుంది. ఊరి తూర్పు వైపు తోఫుకుజి, ఎయికాన్‌దో లాంటి ఆలయాలు నవంబరు రెండో సగంలో. షిమొగామో గుడిని ఆనుకున్న తదసు నో మోరి అడవి అందరికంటే ఆఖరున, డిసెంబరు మొదట్లో. కాబట్టి ముందే వెళ్లినవారు తకావో, ఆలస్యమైనవారు షిమొగామో. ఆలయాల్లో రాత్రి దీపాల వెలుగులో తోటలు చూపించే ఏర్పాటు ఉంటుంది. రంగు కాస్త తక్కువైన ఏడాది అది చాలా లోటు కప్పేస్తుంది.

టోక్యోలో దిగేవాళ్లకు నిక్కో ఉంది, రైల్లో సుమారు రెండు గంటలు. ఎగువన ఓకు నిక్కో అక్టోబరు మొదట్లో, 1,269 మీటర్ల ఎత్తున్న చుజెంజి సరస్సు అక్టోబరు మధ్య నుంచి చివరకు, దిగువన తోషోగు ఆలయం పరిసరాలు నవంబరు మొదటి సగంలో. మధ్యలో ఇరోహాజాకా ఘాట్ రోడ్డు, రెండు దారులూ కలిపి 48 మలుపులు. సీజన్ వారాంతంలో అక్కడ బస్సెక్కితే మలుపులు లెక్కపెట్టుకోవడానికి తీరిక బోలెడు దొరుకుతుంది.

గింకో గురించి హెచ్చరిక: అది పసుపెక్కాక కొద్ది రోజులు కదలకుండా నిలబడి, ఒక చలి రాత్రి తర్వాత ఆకంతా దాదాపు ఒకేసారి రాల్చేస్తుంది. "ఎల్లుండి చూద్దాం" అనుకోవద్దు.

## దక్షిణ కొరియా: చిన్న దేశం కావడమే లాభం

జపాన్ ఖర్చు, దూరాలు ఎక్కువ అనిపించేవాళ్లు ఇటు చూడాలి. కొరియా వాళ్ల లెక్క కూడా నాకు నచ్చుతుంది: కొండలో 20 శాతం రంగు మారితే "మొదలైంది", 80 శాతం మారితే "నిండింది" అంటారు. వార్తలో ఏ మాట వాడారో చూస్తే మీకు ఇంకెంత గడువుందో తెలుస్తుంది.

ఈశాన్యంలో 1,708 మీటర్ల సొరాక్సాన్ శిఖరం నుంచి మొదలవుతుంది. అక్కడ అక్టోబరు మధ్య తర్వాత నిండు. సియోల్ పక్కన బుఖాన్సాన్ అక్టోబరు చివర. దక్షిణాన మేపుల్స్‌కు పేరుపడ్డ నేజాంగ్సాన్ నవంబరు మొదటి సగం. సియోల్‌లో బస పెట్టుకుని ముందైతే తూర్పుకు బస్సు, ఆలస్యమైతే దక్షిణానికి రైలు. మూడు వారాల పరిధిలో ఏ వారం వెళ్లినా ఏదో ఒకటి అందుతుంది. కొండ ఎక్కలేనివాళ్లకు సియోల్ రాజభవనాల తోటలున్నాయి. చాంగ్‌దొక్‌గుంగ్ వెనక తోటకు మాత్రం వేళ ప్రకారం టికెట్లు, త్వరగా అయిపోతాయి.

## కశ్మీర్: తొందరలేని చెట్టు

చినార్ మేపుల్‌లా ఒక్కసారిగా భగ్గున మండదు. పచ్చ నుంచి పసుపు, పసుపు నుంచి కాషాయం, అక్కణ్నించి రాగి ఎరుపు అని వారాలు తీసుకుంటుంది. రాలాక కూడా అరచేయంత ఆకులు నేలమీద రంగు పోకుండా పరుచుకుని ఉంటాయి. రెండు మూడు రోజులు ఆలస్యమైనా ఏమీ పోదు. అందుకే ఎత్తు తేడా పెద్దగా వాడుకోకపోయినా ఇది సర్దుకునే చోటే. అక్టోబరు మధ్యలో పాప్లర్ల పసుపు, అక్టోబరు ఆఖరి వారం నుంచి నవంబరు రెండో వారం దాకా శ్రీనగర్‌లో చినార్ల ఎరుపు. విశ్వవిద్యాలయం ఆవరణలోని నసీం బాగ్, దాల్ సరస్సు వైపు నిషాత్, షాలిమార్ తోటలు చూడొచ్చు. నసీం బాగ్ చదునైన నడక, పెద్దవాళ్లకు సుఖం; నిషాత్ అంచెలంచెలుగా మెట్లతో పైకి వెళ్తుంది. ఆ రోజుల్లోనే పాంపోర్‌లో కుంకుమపువ్వు కోత కూడా జరుగుతుంది.

లోటు రెండు. రాలిన ఆకుల్ని కాల్చి కాంగ్రి అనే కుంపట్లకు బొగ్గు చేసుకునే అలవాటు వల్ల సాయంత్రాలు పొగమంచు పట్టినట్టుంటుంది, కొండలు స్పష్టంగా కనపడవు. ఫొటోలకు ఉదయమే మేలు. రెండోది, భద్రతా కారణాలతో తోటలు, దారులు ఉన్నట్టుండి మూసే సందర్భాలుంటాయి. వెళ్లే వారం పరిస్థితి కనుక్కుని, డబ్బు తిరిగొచ్చే బుకింగులే చేయండి.

## ఎవరికి ఏది

తేదీ కదలదు, అదీ అక్టోబరులో అయితే స్మోకీ కొండలు లేదా కొరియా. నవంబరు ఆఖరైతే క్యోటో తప్ప ఇంకో పేరు ఆలోచించక్కర్లేదు. సెప్టెంబరు మొదట్లోనే సెలవు అయితే పైవేవీ కావు. ఫిన్లండ్ లాప్‌లాండ్‌లో సెప్టెంబరు రెండో వారం చుట్టూ నేలబారు పొదలు ఎరుపెక్కుతాయి. ఏప్రిల్‌లో తప్ప కుదరదంటే న్యూజిలాండ్‌లోని ఆరోటౌన్ ఉంది, దక్షిణార్ధగోళంలో అప్పుడే ఆకురాలు కాలం.

వీసా, విమానం, జీవితంలో ఒక్కసారి అనుకునేవాళ్లు జపాన్ వెళ్లండి. ఆకులు ముఖం చాటేసినా ప్రయాణం పండుతుంది. ఎరుపే కావాలి, ఇంకేదీ వద్దు, కారు నడుపుతాను, గది మార్చుకోవడం ఇబ్బంది కాదు అనేవాళ్లకు న్యూ ఇంగ్లండ్. నాలుగైదు గంటల దూరంలో ఉంటూ, బుధవారం నిర్ణయించుకుని శుక్రవారం బయల్దేరగలవాళ్లకు ఈ అనిశ్చితి అసలు సమస్యే కాదు. వాళ్లు కొలరాడో లాంటి జూదం ఆడొచ్చు.

ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. నిండు రంగుకు రెండు మూడు రోజుల ముందు వెళ్లడం, తర్వాత వెళ్లడం కంటే మేలు. ముందైతే పచ్చ, పసుపు, ఎరుపు కలిసి ఉంటాయి, ఆకు గట్టిగా ఉంటుంది. తర్వాతైతే గాలి దయ. సన్నటి వాన పడుతున్నా ఇంట్లో కూర్చోకండి. తడి బెరడు నల్లబడి రంగులు రెట్టింపు కనిపిస్తాయి.

## బుక్ చేసేటప్పుడు, దిగిన తర్వాత

విమానం టికెట్ సగటు తేదీకి కొనండి, వేరే దారి లేదు. బస మాత్రం రెండు ఎత్తుల్లో లేదా రెండు అక్షాంశాల్లో, రద్దు చేసుకోగలిగేలా పెట్టుకోండి. ధర కొంచెం ఎక్కువైనా ఆ తేడా ఈ ప్రయాణానికి బీమా. బయల్దేరే పది రోజుల ముందు నుంచి ఆ రాష్ట్రం లేదా పార్కు వారం వారం ఇచ్చే నివేదిక, కొండమీది వెబ్‌క్యామ్‌లు చూడటం మొదలుపెట్టండి. హోటల్ వాళ్ల పేజీలో ఎప్పుడూ "ఇప్పుడే రంగులు నిండుతున్నాయి" అనే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రంగుల మ్యాపులో ఒక జిల్లా మొత్తం ఒకే రంగులో కనిపిస్తే అది ఏ ఎత్తుకు చెప్పిందో చూడండి. శిఖరానికి చెప్పింది లోయకు వర్తించదు.

దిగాక ఇంకా పచ్చగా ఉందనుకోండి: పైకి, ఉత్తరానికి వెళ్లండి. చిత్తడి నేలల అంచున రెడ్ మేపుల్స్ మిగతా అడవి కంటే ముందే ఎర్రబడతాయి, వాటిని వెతకండి. రాలిపోయిందనుకోండి: కిందికి, దక్షిణానికి, తీరం వైపు దిగండి. పెద్ద నీళ్ల పక్కన చలి ఆలస్యంగా వస్తుంది కాబట్టి రంగు కూడా అక్కడ ఆలస్యం. వీధి దీపానికి ఆనుకున్న కొమ్మ తక్కిన చెట్టుకంటే పచ్చగా ఉండటం చూస్తే కంగారుపడకండి, పొద్దు పొడవు లెక్క దానికి తప్పింది. అప్పటికీ ఏమీ దొరక్కపోతే ఓక్‌లున్న వాలు ఎటుందో అక్కడి రేంజర్‌ను అడగండి. మేపుల్ నివేదికలు ఆగిపోయిన తర్వాత కూడా ఓక్‌ల ఇటుక రంగు తరచూ ఇంకో వారమో, పది రోజులో ఉంటుంది. అప్పటికి పార్కింగ్ కూడా దొరుకుతుంది.